నడిచొచ్చే అల్మరాలు



కిరాణా కొట్టు మీకు తెలిసిందే. పప్పు ఏ మూలుందో, సబ్బు ఏ అరలో ఉందో కొట్టాయనకు నోటి లెక్క. అడగ్గానే తీసిస్తాడు. అదే కొట్టు ఊరంత పెద్దదైతే? అందులో లక్షల రకాల సరుకులుంటే? అప్పుడు నోటి లెక్క చాలదు.

పెద్ద కంపెనీల గిడ్డంగులు అలాగే ఉంటాయి. అక్కడి పనివాళ్ళు చీటీ పట్టుకుని, బండి తోసుకుంటూ అరల మధ్య తిరిగేవారు. ఒక్క రోజులో మైళ్ళకొద్దీ నడిచేవారు. వస్తువు తీసే సమయం కొంచెం. నడిచే సమయమే ఎక్కువ.

అమెరికాలో వెబ్‌వాన్ అనే కంపెనీ ఇళ్ళకు సరుకులు పంపేది. ఖర్చులు మోయలేక 2001లో మూతపడింది. అందులో పనిచేసిన మిక్ మౌంజ్ కి ఒక ఆలోచన వచ్చింది. సరుకు దగ్గరికి మనిషి పోవడమెందుకు? మనిషి దగ్గరికే సరుకు రావాలి! 2003లో ఆయన కీవా సిస్టమ్స్ అనే కంపెనీ పెట్టాడు. పీటర్ వర్మన్, రఫాయెల్లో డాండ్రియా ఆయనతో కలిశారు. ముగ్గురూ కలిసి రోబోలు తయారు చేయించారు.

రోబో అంటే మరమనిషి అంటారు. కానీ వీటికి కాళ్ళూ చేతులూ లేవు. చక్రాలున్న పెద్ద పీటలాగా ఉంటాయి. ఒక్కోటి సుమారు 450 కిలోల బరువు ఎత్తుతుంది. అల్మరా కిందికి దూరి, దాన్ని పైకి లేపి, పనిమనిషి నిలబడ్డ చోటికి మోసుకొస్తుంది. మనిషి కావలసిన వస్తువు తీసుకుంటాడు. రోబో అల్మరాను వెనక్కి తీసుకుపోతుంది.

దానికి దారి ఎలా తెలుస్తుంది? నేల మీద వరసగా గుర్తులు అంటించి ఉంటాయి. రోబో అడుగున ఉన్న కెమెరా ఆ గుర్తులు చదువుతుంది. చూశారా, యంత్రానికైనా చదువు కావాల్సిందే! ఏ రోబో ఎటు పోవాలో కంప్యూటరు చెబుతుంది. ఏ వస్తువు ఏ అరలో ఉందో కూడా అదే రాసి పెట్టుకుంటుంది. ఎక్కువగా అమ్ముడుపోయే సరుకున్న అల్మరాలు దగ్గరికి చేరతాయి. అమ్ముడుపోనివి దూరం జరుగుతాయి. కానీ మనిషి ఒక వస్తువును తప్పు అరలో పెట్టాడనుకోండి. లెక్కలో ఒకచోట, సరుకు ఇంకోచోట. ఇక అది ఉన్నా లేనట్టే.

2012లో అమెజాన్ కంపెనీ 77.5 కోట్ల డాలర్లకు కీవాను కొనేసింది. 2025 నాటికి అమెజాన్ గిడ్డంగుల్లో అన్ని రకాల రోబోలూ కలిసి పది లక్షలయ్యాయి. మన దేశంలో 2011లో మొదలైన గ్రే ఆరెంజ్ కంపెనీ కూడా గిడ్డంగి రోబోలు తయారు చేస్తోంది.

మరి పనివాళ్ళ సంగతేమిటి? నడక తప్పింది. కాళ్ళకు సుఖమే. కానీ ఒకేచోట నిలబడి, ఒక అల్మరా వెంట ఇంకో అల్మరా వస్తుంటే, వంగుతూ లేస్తూ వస్తువులు తీస్తూనే ఉండాలి. 2020లో అమెరికాలో రివీల్ అనే పత్రికా సంస్థ అమెజాన్ సొంత లెక్కలనే బయటపెట్టింది. రోబోలున్న గిడ్డంగుల్లోనే పనివాళ్ళకు గాయాలు ఎక్కువని రాసింది. గంటకు సుమారు వంద వస్తువులు తీసే మనిషిని నాలుగు వందల దాకా తీయమన్నారని కూడా రాసింది. తమ గిడ్డంగులు భద్రమైనవేనని కంపెనీ చెప్పింది.

ఇందులో రోబో తప్పేముంది? అది చెప్పిన పని చేస్తుంది. గంటకు ఎన్ని తీయాలన్నది మనుషులే నిర్ణయిస్తారు. ఆదా అయిన సమయంలో కొంత పనివాడి విశ్రాంతికి పోవచ్చు. లేదా మొత్తం కంపెనీ లాభానికే పోవచ్చు. కాబట్టి యంత్రం వచ్చినచోట పనివాళ్ళు లెక్క అడగాలి. ఎంత పని, ఎంత విశ్రాంతి, ఎంత కూలి అని అడగాలి. కాగితం మీద ఏం రాశారో చదివి తెలుసుకోవాలి. అప్పుడే సంతకం చేయాలి.

మీ ఇంటి పిల్లలెవరైనా గిడ్డంగి పనికి పోతున్నారా? వాళ్ళకు గంటకు ఎంత పని చెబుతున్నారో అడిగి చూడండి. అందరూ కలిసి మాట్లాడుకోండి.