ఒక ప్రత్యుత్తరపు విలువ
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక పాఠశాలకు డెబ్బై అయిదేండ్లు నిండిన శుభవేళ, చెన్నపట్నం నుండి బయలుదేరిన ఒక జాబునూ, దానికి వచ్చిన జవాబునూ స్మరించుకోవడం సముచితం.

1912 మార్చిలో మద్రాసు పోర్టు ట్రస్టు కార్యాలయంలో శ్రీనివాస రామానుజన్ గుమాస్తాగా చేరారు. జీతం నెలకు 30 రూపాయలు. గణితంపై ఉన్న శ్రద్ధ ఇతర విషయాలపై లేనందున ఎఫ్.ఏ. పరీక్షలో ఆయన తప్పారు. పట్టా లేదు, పలుకుబడి లేదు. ఉన్నవల్లా గణిత సూత్రాలతో నిండిన నోటు పుస్తకాలు. అంతకుముందు నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావుగారు ఆ పుస్తకాలను చూసి, ఆయనకు కొంతకాలం ధనసహాయం చేశారు. కాని ఆ సూత్రాల లోతును పూర్తిగా తూచి చెప్పగలవారు ఆనాడు చెన్నపట్నంలో అరుదు.

ఇంగ్లండులోని ఇద్దరు ప్రముఖ గణితాచార్యులకు రామానుజన్ తమ పరిశోధనలను పంపారు. వారినుండి ప్రోత్సాహం లభించలేదు. అయినా నిరాశ చెందక, 1913 జనవరి 16న కేంబ్రిడ్జిలోని జి.హెచ్. హార్డీకి మూడవ ప్రయత్నంగా జాబు వ్రాశారు. అది కేవలం అభిమానంతో వ్రాసిన పొగడ్తల లేఖ కాదు. హార్డీ రచించిన ఒక చిన్న గ్రంథంలో, ఇచ్చిన ఒక సంఖ్యకు లోపల ప్రధాన సంఖ్యలు ఎన్ని ఉన్నాయో చెప్పే నిశ్చితమైన సూత్రం ఇంతవరకు లభించలేదన్న వాక్యం ఉన్నది. దాదాపు సరిపోయే సూత్రం తమకు దొరికిందని చెబుతూ, రామానుజన్ మరెన్నో సిద్ధాంతాలను ఆ జాబుకు జతచేశారు. తాము నిరుపేదలమనీ, విలువైనవి కొన్నయినా ఉన్నాయని తోస్తే ప్రచురింపజేయవలసిందనీ కోరారు.

హార్డీ తమ సహచరుడైన లిటిల్‌వుడ్‌తో కలిసి ఆ సూత్రాలను పరిశీలించారు. ఫిబ్రవరి 8న జవాబు వ్రాశారు. ఆ జవాబులో ఉత్త మెచ్చుకోలు లేదు. తమకు మిక్కిలి ఆసక్తి కలిగిందని చెబుతూనే, సిద్ధాంతాలను మూడు తెగలుగా విడదీశారు: ఇదివరకే తెలిసినవీ, తెలిసినవాటినుండి సులభంగా రాబట్టదగినవీ, కొత్తవైనా ప్రాముఖ్యంకన్న వింతవల్ల ఆకర్షించేవి, కొత్తవీ ముఖ్యమైనవీ. అన్నింటికీ మించి, నిరూపణలు పంపవలసిందని కోరారు.

ఇందులో గమనింపదగిన విశేషం ఒకటి ఉన్నది. ఏ ప్రధాన సంఖ్యల సూత్రం ఆ జాబుకు మూలమో, అదే తరువాత పొరపాటని తేలింది. ఆ ఒక్క తప్పును చూసి జాబును పక్కన పడవేసి ఉంటే, మిగిలిన రత్నాలు మరుగున పడేవి. తప్పు తప్పే, అయినా దాని పక్కనున్న ప్రతిభను చూడడం గురుత్వ లక్షణం.

ఫిబ్రవరి 27న రామానుజన్ ప్రత్యుత్తరం వ్రాస్తూ, తమ శ్రమను సానుభూతితో చూసే మిత్రుడు దొరికాడని సంతోషించారు. ఆదరంతో కూడిన జాబు ఏదైనా వ్రాస్తే, అది తమకు విద్యార్థివేతనం లభించడానికి తోడ్పడగలదని కూడా తెలిపారు. ఆ లోగానే, వాతావరణ శాఖాధిపతి గిల్బర్ట్ వాకర్ ఆయన కృషిని చూసి మద్రాసు విశ్వవిద్యాలయానికి సిఫారసు చేశారు. విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయల చొప్పున రెండేండ్లకు వేతనం మంజూరు చేసింది. 1914 మార్చి 17న ఆయన ఓడ ఎక్కారు. 1918లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. 1920 ఏప్రిల్ 26న, ముప్పది రెండేండ్ల వయస్సులో, చెన్నపట్నంలోనే కన్నుమూశారు. ఆయుర్దాయం స్వల్పమే, కాని ఆయన సూత్రాలకు నిరూపణలు వెదకడంలో గణితవేత్తలు తరాలు గడిపారు.

ఆ జవాబు విలువ ఎక్కడ ఉన్నది? అది గొప్పవాని సంతకంలో మాత్రమే లేదు. వ్రాసినదాన్ని ఆమూలాగ్రం చదివి, ఇంకా ఇమ్మని అడగడంలో ఉన్నది. కేంబ్రిడ్జిలో కలిగిన ఆసక్తికి చెన్నపట్నంలోని పెద్దల పూనిక తోడైంది గనుకనే అది బ్రతుకుతెరువుగా మారింది.

ఉపాధ్యాయులు పిల్లల నోటు పుస్తకాల అంచున ఎర్రసిరాతో వ్రాసే రెండు మాటలు కూడా ప్రత్యుత్తరాలే. అక్కడ “బాగున్నది” అన్న మాటకంటె “ఇది ఎలా వచ్చింది, వివరించు” అన్న మాట ఎక్కువ మేలు చేస్తుంది. ఆంధ్రదేశానికి వెలుపల, తెలుగులో చదివే బాలునికి తన వ్రాతను చదివేవారు ఎవరున్నారన్న సందేహం సహజంగా కలుగుతుంది. ఈ పాఠశాలలో చదివి వివిధ రంగాలలో పేరు గడించిన పూర్వ విద్యార్థులు ఆ సందేహాన్ని తీర్చగలరు. ఈ పాఠశాలనుండి ఒక బాలుడో బాలికో తెలుగులో జాబు వ్రాసినపుడు, పని ఒత్తిడి ఎంతటిదైనా, చదివి నాలుగు వాక్యాల జవాబు వ్రాయాలి. తల్లిదండ్రులు తమ బిడ్డలను అటువంటి జాబు వ్రాయడానికి సంకోచించవద్దని ప్రోత్సహించాలి. రెండు జాబులకు ఆదరణ దొరకకపోతే మూడవది వ్రాయాలి.

విరాళాలతో గదులు పెరుగుతాయి. ప్రత్యుత్తరాలతో విద్యార్థులు పెరుగుతారు. ఈ రెండింటితోను ఈ విద్యాలయం శతవసంతాలు చూడాలని ఆకాంక్ష. స్వస్తి.