పట్టణమున బస



మా కోనసీమలో పొలము కొనబోవువాడు మొదట ధర యడుగడు. “కాలువ మొదటనా, శివారునా?” యని యడుగును. ఎకరము ఎకరమే, మన్నును ఒక్కటే కావచ్చును. అయినను శివారు చేనికి నీరు చేరునప్పటికి నారు ముదిరిపోవును. చౌకగా వచ్చినదని శివారు భూమి కొన్నవానిని చూచి ఊరిపెద్దలు చిరునవ్వు నవ్వుదురు. ఇంత తెలివిగల మనమే నగరమునకు పోయి బస చూచుకొనునప్పుడు గది బాడుగ యొక్కటి యడిగి, ఆ గది యెచ్చట నున్నదో విచారించుట మరచిపోవుదుము. నేను ముప్పదియైదేండ్లు బాలురకు తెలుగును, అవసరమైనప్పుడు లెక్కలును చెప్పినవాడను. అయినను ఈ లెక్కలో తప్పితిని. ఆ తప్పు మీకు విన్నవించుటకే నేడు వచ్చితిని.

మూడేండ్ల క్రిందట నా భార్య కంటికి శస్త్రచికిత్స చేయింపవలసి హైదరాబాదు పోయితిమి. ఆమెకు చక్కెరవ్యాధి కలదు. విజయవాడ మార్గమున పోవు బస్సు నగరమధ్యమును చేరకమున్నే హయత్‌నగరు తగులును. అచ్చట రహదారి ప్రక్కనే యొక లాడ్జిలో గది దినమునకు 900 రూపాయలని ముందుగా విని యుంటిమి. ఆసుపత్రి చెంతనున్న లాడ్జివారు 1600 చెప్పిరి. దినమునకు 700 మిగులును గదా యని హయత్‌నగరుననే దిగితిమి. గది శుభ్రముగా నుండెను. పడక మంచిది. వేడినీరును వచ్చెను. ఆ గదిని నేను నిందింపను. తప్పు గదిది కాదు.

మరునాడు ఉదయము పరగడుపున నెత్తురు పరీక్ష. ఎనిమిది గంటలకు రమ్మని చెప్పిరి. ఏడింటికే ఆటో యెక్కితిమి. ఎల్బీనగరు చేరువరకు బండి బాగుగనే నడచినది. అక్కడినుండి దిల్‌సుఖ్‌నగరు, మలక్‌పేట దాటుటకు పట్టిన కాలమును నేను గడియారము చూచుచు, చూడనట్లు నటించుచు గడపితిని. ఆసుపత్రి చేరునప్పటికి తొమ్మిదింబావు. మా వరుస దాటిపోయినది. తిరిగి చీటి తీసికొని కూర్చుండగా పదునొకండు గంటలకు గాని పిలుపు రాలేదు. అంతవరకు ఆమె మంచినీరు తప్ప మరేమియు పుచ్చుకొనలేదు. నెత్తురిచ్చి లేవబోయి, నా చేయి యందుకొనకయే ప్రక్కకు ఒరగిపోయినది. ఒక నర్సమ్మ పరుగున వచ్చి పట్టుకొని, పంచదార నీరు త్రాగించినది. “పెద్దవారు, ఇంతసేపు ఏమియు తినకుండ ఉంచవచ్చునా, తాతగారూ?” అని ఆ బిడ్డ నన్నడిగినప్పుడు నాకు సమాధానము దొరకలేదు. ఏడునూర్ల రూపాయలకు ఆశపడితినని చెప్పుటెట్లు?

ఆ రాత్రి గదిలో కూర్చుండి కాగితముపై లెక్క వేసితిని. ఆటో పోవుటకు 350, వచ్చుటకు 350. సరిగా 700. మిగిలినదనుకొన్నది అక్కడనే సరిపోయినది. వరుస తప్పుటచే ఒక పరీక్ష మరునాటికి వాయిదా పడెను గనుక ఇంకొక దినము బాడుగ 900 అదనము. నడుమ మూడు గంటలు తీరిక దొరకినను, అంత దూరము పోయి రాలేక ఆమె ఆసుపత్రి బల్లమీదనే కూర్చున్నది. దానిని ఏ పద్దున వ్రాయుదును? పావలా కోడికి ముప్పావలా మసాలా యని మా యూరి సామెత. నేను శాకాహారినైనను దాని రుచి నాకా రాత్రి బాగుగా తెలిసినది.

నగరమునందు దూరమును కిలోమీటర్లతో కొలువరాదు, గంటలతో కొలువవలెను. ఈనాడు మనుమలు చేతిఫోనులో పటము చూపి “ఇదిగో తాతా, దగ్గరనే” యందురు. వారు రాత్రి పది గంటలకు చూచి చెప్పిన కాలము వేరు, మనము ఉదయము తొమ్మిదికి పోవు కాలము వేరు. మనము బయలుదేరు వేళకే, అటువంటి పనిదినముననే చూడుమని చెప్పవలెను. ఆదివారము చూచిన లెక్క సోమవారమునకు పనికిరాదు.

ఇట్లనుటచే దూరపు గది యెల్లప్పుడును చెడ్డదని నా మతము కాదు. హైదరాబాదులో 2017 నవంబరునుండి మెట్రో రైలు నడచుచున్నది. మియాపూరునుండి అమీరుపేట, నాంపల్లి మీదుగా ఎల్బీనగరునకు ఒక దారి. నాగోలునుండి సికింద్రాబాదు, అమీరుపేట మీదుగా రాయదుర్గమునకు మరియొకటి. 2020 ఫిబ్రవరిలో తెరచిన మూడవది జూబ్లీ బస్సు స్టేషనునుండి ఇమ్లీబన్‌లోని మహాత్మాగాంధీ బస్సు స్టేషనునకు. మూడును గలిపి సుమారు 69 కిలోమీటర్లు. ఈ బండి వీథులకు పైన నడచును గనుక క్రింద వాహనములెంత నిలిచిపోయినను దానికి పట్టదు. అందుచేత ఊరిచివరనున్నను మెట్రో స్టేషనునకు నడచిపోగల గది, మన పనియుండు చోటు మరియొక స్టేషనునకు చేరువ, అయినచో అది శివారు పొలము కాదు. దానికి వేరే కాలువ యున్నదన్నమాట. గత సంవత్సరము మా తమ్ముని కుమార్తె పెండ్లికి పోయినప్పుడు మేము నలుగురము కూకట్‌పల్లిలో మెట్రో స్టేషను ప్రక్కన చౌకగది తీసికొని, నగరమంతయు సుఖముగా తిరిగితిమి.

“మరి ఆనాడు ఎల్బీనగరున మెట్రో యెక్కలేకపోతివా?” యని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. ఆ మెట్లు ఆమె యెక్కజాలదని భయపడితిని. మెట్రో స్టేషనులలో లిఫ్టులుండునని అప్పటికి నేనెరుగను. అడిగిన చెప్పువారుండిరి, నేను అడుగలేదు. ఉపాధ్యాయులకు ఇతరులను ప్రశ్నించు అలవాటే గాని అడిగి తెలిసికొను అలవాటు తక్కువ.

రైలున పోవువారు మొదట టికెట్టుపై స్టేషను పేరు చదువుకొనవలెను. సికింద్రాబాదు 1874లోను, నాంపల్లి 1907లోను, కాచిగూడ 1916లోను వెలసినవి. ఈ మూడును ఊరి నడుమనున్నవి. 2025 జనవరిలో చర్లపల్లి స్టేషను పెద్దది చేసి తెరచిరి, కొన్ని బండ్లను అచ్చటికి మార్చిరి. అది ఊరికి తూర్పుచివర, అచ్చటికి మెట్రో లేదు. సికింద్రాబాదున దిగుదుమని అచ్చట గది మాటాడుకొని, అర్ధరాత్రి చర్లపల్లిలో దిగినవాడు బాడుగలో ఎంత మిగిల్చినను ఆటోవాని చేతిలో పోయవలసినదే.

ఇక వెల సంగతి. లాడ్జివారు చెప్పు “దినము” రెండు విధములు. కొందరికి మనము ప్రవేశించిన గంటనుండి ఇరువదినాలుగు గంటలు ఒక దినము. మరికొందరికి మధ్యాహ్నము పండ్రెండింటితో దినము ముగియును. రైలులో వచ్చి తెల్లవారుజామున దిగి ఐదింటికి గదిలో ప్రవేశించినవానికి, రెండవ పద్ధతిలో ఏడు గంటలకే ఒక దినము చెల్లిపోవును. అప్పుడు 1000 రూపాయల గది యొక్క రాత్రికే 2000 అగును. ఇరువదినాలుగు గంటల లెక్కగల 1400 గదియే చౌక. పన్ను సంగతియు అడుగవలెను. 1000 రూపాయలకు లోపుగల గదులకు పూర్వము జి.యస్.టి. లేకుండెను. 2022 జూలై 18 నుండి నూటికి 12 చొప్పున వేసిరి. 2025 సెప్టెంబరు 22 నుండి 7500 రూపాయలవరకు బాడుగగల గదులకు నూటికి 5. చెప్పిన ధరలో అది చేరినదో లేదో ముందే తేల్చుకొనినచో, వెళ్లునప్పుడు బల్లయొద్ద మాట పెరుగదు. ఆధారు కార్డు అందరికిని తీసికొని పోవలెనని వేరుగ చెప్పనక్కరలేదు.

హోటలనగా మన పల్లెలలో ఇడ్లీలు పెట్టు చోటు. నగరమున అది పండుకొను చోటును అగును. పేరు పెద్దదైనంత మాత్రమున గది పెద్దది కాదు. బోర్డునుబట్టి గాక, గది తలుపు తెరపించి, కొళాయి త్రిప్పి చూచి, పిమ్మట రూపాయలు తీయవలెను. మోకాళ్లనొప్పులున్నవారు లిఫ్టు ఉన్నదా యని గాక, లిఫ్టు పనిచేయుచున్నదా యని అడుగవలెను.

చోటు మంచిదైనంత మాత్రమున అన్నియు కుదురవు. ఆరు నెలల పిమ్మట రెండవ కంటికి పోయినప్పుడు నేను ఆసుపత్రికి ఎదురుసందులోనే 1600 ఇచ్చి గది తీసికొంటిని. ఆమె పరగడుపున నడచి పోయి, నెత్తురిచ్చి, పావుగంటలో తిరిగి వచ్చి ఇడ్లీ తిని పడుకొన్నది. సాయంకాలము మరల పిలిచినప్పుడు మెల్లగా నడచి పోయితిమి. ఆటో యొక్కటియు ఎక్కలేదు. అయితే ఆ గది ఇరుకు. రాత్రి యెల్ల అంబులెన్సుల కూత. కిటికీ తెరచినచో జానెడు దూరమున ప్రక్కయింటి గోడ. వచ్చు వేసవిలో మరల పరీక్షకు పోవలసి యున్నది. ఈమారు మెట్రో చేరువగా ఎచ్చటనైన చూచెదనన్నాను. ఆమె ఒప్పుకొనలేదు. గోడయైనను సరే, ఆ సందులోనే తీసికొమ్మన్నది. నిన్ననే ఫోను చేసి గది మాటాడితిని. క్రింది యంతస్తులో, ఇరువదినాలుగు గంటల లెక్కకు, పన్నుతో గలిపి.