తిరిగి రావడానికొక గడప
(ప్రొద్దుటూరులో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మొన్న పులివెందులలో, నిన్న జమ్మలమడుగులో నన్ను అడిగింది ఒకటే. కష్టాలను ఎదిరించి నాయకురాలిగా ఎదిగిన ఒక స్త్రీ గురించి చెప్పమని. రెండుచోట్లా దుర్గాబాయి దేశ్‌ముఖ్ గురించే చెప్పాను. జమ్మలమడుగులో సభ అయిపోయాక ఒక చెల్లెలు నా పక్కకొచ్చి, "ఆయమ్మకు ధైర్యముండాది, చేసింది. మాకు ధైర్యం ల్యాక కాదక్కా, పోయేదానికి చోటు ల్యాక ఉండిపోతిమి" అంది. రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఈరోజు అదే కథను ఆ చెల్లెలి వైపు నుంచి చెప్తాను.

1909లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయికి ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. 1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు, దేవదాసీలూ ముస్లిం స్త్రీలూ ఆయన్ని కలవాలని పట్టుబట్టి సభ ఏర్పాటు చేసింది. ఆయన హిందీ ప్రసంగాన్ని తెలుగులో చెప్పింది. పన్నెండేళ్ళ పిల్ల! పదిహేనేళ్ళు వచ్చేసరికి ఆ పెళ్ళి తనకు వద్దంది. మనం చప్పట్లు కొట్టేది ఇక్కడే. కానీ ఆ మాట అన్నాక ఆమె ఎక్కడుంది? పుట్టింట్లోనే ఉంది. తండ్రి, సోదరుడు ఆమె వైపు నిలబడ్డారు. ఆ తలుపు మూసి ఉంటే ఆమె రాజ్యాంగ సభ దాకా వచ్చేదా? ఆదర్శ మహిళల కథలు చెప్పేటప్పుడు మనం ఈ గడపను దాటేసి పోతాం.

ఉప్పు సత్యాగ్రహంలో ఆమె జైలుకు వెళ్ళింది. చట్టం తెలియక, తమ తరఫున మాట్లాడేవాళ్ళు లేక శిక్షలు పడ్డ ఆడవాళ్ళను అక్కడ చూసింది. లా చదవాలన్న పట్టుదల అక్కడ పుట్టింది. అయితే అప్పటికి ఆమెకు మెట్రిక్ కూడా లేదు. బెనారస్ పరీక్షకు సొంతంగా చదివి కట్టింది. వాల్తేరులో విశ్వవిద్యాలయానికి వెళ్తే ఆడపిల్లలకు హాస్టల్ లేదన్నారు. ఆమె పత్రికలో ప్రకటన ఇచ్చి, తనలాంటి అమ్మాయిలను పోగుచేసి, హాస్టల్ తెరిపించుకుంది. నాకు ఆమె ఉపన్యాసాలన్నిటికంటే ఈ హాస్టలే గొప్పగా తోస్తుంది. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టింది కూడా ఈ ఆలోచనతోనే. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీల కోసం కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1958లో మొదలుపెట్టిన కండెన్స్‌డ్ కోర్సుల వెనక ఉన్నదీ ఆమే.

ఇక మన గడప సంగతి. 1985లో మన రాష్ట్రం ఉమ్మడి కుటుంబ ఆస్తిలో హిందూ కూతుళ్ళకు కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. కానీ అప్పటికే పెళ్ళయినవాళ్ళను వదిలేసింది. 2005లో కేంద్ర చట్టం ఆ తేడా తీసేసింది. తండ్రి బతికి ఉండాలన్న షరతు లేదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందే చట్టప్రకారం ముగిసిన పంపకాలను మాత్రం తిరగదోడలేం. పుట్టింట్లో పసుపు కుంకుమల కింద ఇంత చేతిలో పెట్టి సంతకం పెట్టించుకునేటప్పుడు ఇదంతా ఎవరూ చెప్పరు.

నేనింక ఆపుతాను. మీ పుట్టింటి చేను ఎవరి పేరున ఉందో కాగితం చూసి తెలుసుకున్నవాళ్ళు ఒకసారి చెయ్యెత్తండి.