పట్టా ఎవరి పేరు మీద?

(మక్తల్‌లో జరిగిన కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన పక్షపత్రికను ఇంటర్నెట్‌లో పెట్టాలని తీర్మానం చేసుకున్నం. పెట్టాలా వద్దా అన్న మాట ఇయ్యాల లేదు. ఎక్కడ పెట్టాలె అన్నదే పేచీ. మన పిల్లలు రెండు పార్టీలయిండ్రు. 'మన కంప్యూటర్, మన సర్వర్, ఎవని దయా వద్దు' అని కొందరు. 'నెలనెలా కిరాయి కడితే కంపెనీయే అన్నీ చూసుకుంటది, మనం రాసుడు మీద ధ్యాస పెడదం' అని కొందరు. సర్వర్ అంటే బెదిరిపోయే వస్తువేం కాదు. రాత్రీ పగలూ నిద్రపోకుండా ఉండి, అడిగినోళ్లకు మన పేజీ తీసి చూపించే కంప్యూటర్, అంతే.

సొంతం కావాలన్న పట్టుదల మనకు ఊరికే రాలేదు. 1920 జనవరి 31న బాబాసాహెబ్ 'మూక్‌నాయక్' పక్షపత్రిక మొదలుపెట్టినపుడు, తిలక్ స్థాపించిన 'కేసరి' ఆ పత్రిక ప్రకటనను పైసలిస్తమన్నా అచ్చువేయలేదు. మన హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1931లో 'భాగ్యనగర్ పత్రిక' పెట్టిండు. అదీ పక్షపత్రికే. పరాయి పత్రికల్లో మన మాటకు జాగా లేదు గనుకనే ఈ పత్రికలు పుట్టినయి. బాబాసాహెబ్ పత్రికలతోనే ఆగలేదు, ప్రెస్సు కూడా సొంతంగా పెట్టుకున్నడు.

ఆ ప్రెస్సు ఏమయిందో కూడా చెప్పుకోవాలె. బొంబాయి దాదర్‌లో అంబేద్కర్ భవన్, దాంట్లోని బుద్ధ భూషణ్ ప్రెస్సు 2016 జూన్ 25 తెల్లవారకముందే బుల్డోజర్ల కింద నేలమట్టమయినయి. కట్టడం శిథిలమైందని ట్రస్టు అన్నది. ఇది దౌర్జన్యమని అంబేద్కర్ కుటుంబం అన్నది. వేలమంది రోడ్డెక్కిండ్రు. పేచీ బయటివాళ్లతోని కాదు, మనవాళ్ల నడుమనే. కనుక 'సొంతం' అన్నంత మాత్రాన పదిలం అనుకోవద్దు. ఒక్కతాననే ఉన్నది ఒక్క రాత్రిల పోతది.

అట్లని కిరాయి ఇల్లు భద్రమా? 2006 జూలైలో, బొంబాయి రైళ్ల పేలుళ్ల తర్వాత, కొన్ని పేజీలను ఆపమని కేంద్రం ఆదేశించింది. ఇంటర్నెట్ కంపెనీలు ఆ నాలుగు పేజీలు వెతికే ఓపిక లేక మొత్తం బ్లాగ్‌స్పాట్‌నే మూసేసినయి. ఏ పాపం ఎరుగనోళ్ల రాతలూ కొన్నాళ్లు మాయం. 2009 అక్టోబరులో యాహూ తన జియోసిటీస్‌ను ఎత్తేసింది. లక్షల మంది కట్టుకున్న పేజీలు పోయినయి. మన మీద కోపం ఉండి కాదు, లాభం లేక. జమీందారు కోపమొస్తే వెళ్లగొడ్తడు. కంపెనీకి కోపం కూడా అక్కర లేదు.

మరి సర్వర్‌ను మక్తల్‌లనే పెట్టుకుంటే? మీరే ఆలోచించండి. ఎండాకాలం గాలిదుమారానికి కరెంటు పోతే పత్రిక కూడా పోతది. ఇన్వర్టర్ ఎంతసేపు మోస్తది? మామూలు మొబైల్ నెట్‌లో మన ఇంటికి విడిగా చిరునామా ఉండదు, వేలమందికి కలిపి ఒకటే ఇస్తరు. బయటివాడు నేరుగా మన తలుపు తట్టలేడు. అన్నిటికన్నా పెద్దది కాపలా. ప్రోగ్రాములకు ఎప్పటికప్పుడు మరమ్మతులొస్తయి. అవి వేయకపోతే దొంగలు దూరి మన పేజీ మీద జూదం ప్రకటనలు అంటిస్తరు. ఈ పని తెలిసిన పిలగాడు మనకు ఒక్కడే ఉన్నడు. రేపు వాడికి పూనాలనో హైదరాబాదులనో నౌకరి దొరికితే వద్దంటమా? పాలమూరోళ్లకు వలస ఎవరూ నేర్పాల్సిన పని లేదు.

మా మాట ఇది. ట్రాక్టర్ కిరాయికి తెచ్చుకుంటే ఎవరికీ నామోషీ కాదు. పట్టా మాత్రం మన పేరు మీద ఉండాలె. ఇక్కడ పట్టా అంటే డొమైన్, అంటే జనం టైపు చేసే మన పేరు. దానికి ఏడాదికేడాది రుసుము కట్టాలె. దాన్ని సర్వర్ కిరాయికిచ్చే కంపెనీ దగ్గర కొనొద్దు, వేరే తాన కొనాలె. అప్పుడు ఇల్లుగలాయన పొమ్మంటే ఇల్లు మారతం, పేరు మారదు. చదివేటోళ్లకు మారిన సంగతే తెల్వదు. ఆ డొమైన్ పిలగాడి సొంత ఈమెయిల్ మీద వద్దు, పత్రిక ఈమెయిల్ మీదనే కొనాలె. తాళంచెవి ఇద్దరి దగ్గర ఉండాలె, అందులో ఒకరు అక్కలలో నుంచి.

వర్డ్‌ప్రెస్ అనే ప్రోగ్రాము ఉన్నది. 2003 నుంచి ఉచితం, ఏ కంపెనీ సర్వర్ మీదైనా ఎక్కుతది. అందుకే దాన్నే తీసుకుందమంటున్నం. కిరాయి కంపెనీ 'బ్యాకప్ మేమే తీస్తం' అంటది. తీయనీయండి. వాళ్ల బ్యాకప్ వాళ్ల గోదాంలనే ఉంటది కదా! ప్రతి సంచిక రాంగనే మన నకలు మనం రెండు డిస్కులలో తీసుకోవాలె. ఒకటి ఇక్కడ, ఒకటి నారాయణపేటల. రాతలను దించుకునే ఫైలులో ఫొటోలు రావు, వాటిని విడిగా తీయాలె. ఇది మరువొద్దు.

ఇంకొక చిక్కు. పాత సంచికలన్నీ డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించినవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అవి పిచ్చి గీతల్లెక్క కనిపిస్తయి. వెతికితే దొరకవు. వాటిని యూనికోడ్‌లోకి మార్చకుండా బంగారు సర్వర్ తెచ్చినా వట్టిదే. మార్చే ప్రోగ్రాములు ఉన్నయి గని ఒత్తులు తారుమారయితయి. మనిషి కూసొని దిద్దవలసిందే.

దిద్దేటపుడు జోగిని అక్కల వాంగ్మూలాలు పక్కకు పెట్టండి. 1988లోనే చట్టం వచ్చినా ఆ బతుకు తెల్లారిపోలేదు. ఊరిలో వంద కాపీలు పంచినపుడు పేరు చెప్పడానికి ఒప్పుకున్న అక్క, దునియా అంతా చూసే తాన ఒప్పుకుంటదని మనమెట్ల అనుకుంటం? ఒక్కొక్కరి ఇంటికి పోయి మళ్ల అడగాలె. వద్దంటే పేరు తీసేయాలె. ఈ పని ఏ కంపెనీ చేసిపెట్టదు, ఏ సర్వరూ చేయదు.

పైసల సంగతి కొస్తే, డొమైన్‌కు, ఏడాది కిరాయికి, రెండు డిస్కులకు చందా వేసుకుందం. కంపెనీని ఎంచే ముందు మొదటి ఏడాది ధర చూసి మురవొద్దు, రెండో ఏడాది ఎంతనో అడగండి. టైపు, దిద్దుబాటు పని చేసే పిల్లలకు కూలి ఇయ్యాలె, ఉద్యమం పేరు చెప్పి వెట్టి చేయించుకోవద్దు. 1990ల నాటి సంచికలు ఎవరింట్ల ఉన్నా, చెదలు తిన్నవైనా సరే, వచ్చే మీటింగుకు పట్టుకరండి.