బొమ్మ సరిగా వచ్చినదా?
పౌరుషగ్రంథి స్కానింగులో టెక్నీషియను శిక్షణ

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఏబది యేండ్లు దాటిన మగవారు కొందరు మూత్రము సన్నగా వచ్చుచున్నదనియు, రాత్రి నాలుగైదు సార్లు లేవవలసి వచ్చుచున్నదనియు చెప్పుట మీరెరిగినదే. చాలమందికి అది వయసుతో పౌరుషగ్రంథి పెరుగుటవలన కలుగు బాధయే గాని క్యాన్సరు కాదు. అయినను రక్తపరీక్షలో పి.ఎస్.ఎ. అను పదార్థము హెచ్చుగా కనిపించినచో డాక్టరులు ఎం.ఆర్.ఐ. స్కానింగు వ్రాయుచున్నారు.

దీనికి ప్రాధాన్యము తెచ్చినవానిలో బ్రిటనులో జరిగి, 2017లో ప్రకటింపబడిన 'ప్రామిస్' పరిశోధన ముఖ్యమైనది. 576 మందిని పరీక్షింపగా, ప్రమాదకరమైన క్యాన్సరు ఉన్నవారిలో నూటికి 93 మందిని ఎం.ఆర్.ఐ. పట్టుకొన్నది, వాడుకలోనున్న సూది పరీక్ష 48 మందినే పట్టుకొన్నది. కాని బొమ్మ స్పష్టముగా రావలెను. మసకబొమ్మలో లేని క్యాన్సరు ఉన్నట్లును, ఉన్నది లేనట్లును తోచును. మొదటిదానివలన అనవసరపు సూదిపోట్లు. రెండవదానివలన ప్రాణమునకే ముప్పు.

బొమ్మ ఏల చెడును? పౌరుషగ్రంథికి వెనుకనే మలాశయము ఉన్నది. అందులో గాలి చేరినచో యంత్రపు అయస్కాంత శక్తి అచ్చట చెదరి, గ్రంథి ఆకారమే వంకరపోవును. రోగి కదలిక, తుంటిలో అమర్చిన లోహపు కీలు కూడ చిక్కు తెచ్చును. గాలివలన మిక్కిలి దెబ్బతినునది నీటి సంచారమును చూపు బొమ్మ. తిరునాళ్ళలో జనము కిక్కిరిసినచోట మనిషి మెసలలేనట్లు, క్యాన్సరు కణములు దట్టముగా నున్నచోట నీరు మెసలలేదు. ఆ చోటు ఈ బొమ్మలో వేరుగా కనిపించును.

బొమ్మను చదువు రేడియాలజిస్టు తరచు కొన్ని గంటల తరువాతనో, మరునాడో, వేరొక ఊరినుండియో చూచును. అప్పటికి రోగి బస్సెక్కి ఇల్లు చేరియుండును. మరల రమ్మన్నచో మరల కూలి పోవును, దారిఖర్చులు, తోడు ఒకరు, కొందరు రానేరారు. రోగి యింకను బల్లమీద ఉండగా బొమ్మను చూచువాడు టెక్నీషియనే. విత్తనము మంచిదో కాదో విత్తకముందు చూతుము గాని, మొలక రానప్పుడు చూచి లాభమేమి?

2020లో 'పై-క్వాల్' అను మార్కుల పద్ధతి వచ్చినది. మొదట 1 నుండి 5 వరకు మార్కులుండెను. 2024లో 1 నుండి 3కు కుదించిరి. 1 అనగా పనికిరాదు, 2 చాలును, 3 శ్రేష్ఠము. దీనిని టెక్నీషియనులకు నేర్పునప్పుడు మంచిబొమ్మలను, చెడ్డబొమ్మలను ప్రక్కప్రక్కన పెట్టి చూపవలెను. గ్రంథి అంచు తేటగా నున్నదా, ఆకారము సాగినదా యని చూచి, అభ్యాసకుడు తానే మార్కు వేసి, అనుభవజ్ఞుని మార్కుతో సరిపోల్చుకొనవలెను. రోగనిర్ణయము అతని పని కాదు. బొమ్మ చాలదని తోచినచో, రోగిని ఒకసారి మరుగుదొడ్డికి పంపి, చెడిన భాగమునే మరల తీయవచ్చును. కొద్ది నిమిషముల పని. యంత్రమునకు కోట్లు వెచ్చించి, దానిని నడుపు మనిషి శిక్షణకు వెనుదీయుట నాకు వింతగా తోచును.

2025లో ప్రకటింపబడిన 'ప్రైమ్' పరిశోధన, బొమ్మలు బాగుగా వచ్చినచో నరములోనికి మందు ఎక్కింపకయే క్యాన్సరును కనుగొనవచ్చునని చూపినది. మందు మానినకొలది మిగిలిన బొమ్మలమీదనే భారమంతయు పడును.

మీ గ్రామమునుండి పెద్దలెవరైన ఈ స్కానింగుకు పోవునప్పుడు మలవిసర్జన చేసికొని పొమ్మనుడు. గుండెకు అమర్చిన పేస్‌మేకరు, ఎముకలోని రాడ్డు సంగతి ముందే చెప్పవలెను. మునుపు సూది పరీక్ష జరిగియున్నచో ఆ తేదీయు చెప్పవలెను. లోపల నిలిచిన రక్తము వారముల తరబడి బొమ్మను తికమక చేయును. "ఇంకొకసారి తీయవలెను, కదలక పడుకొనుడు" అని టెక్నీషియను అన్నచో విసుగుకొనవద్దని చెప్పి పంపుడు.