పసివారి ప్రశ్న
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవమువంటి శుభవేళ మరణమును గూర్చి మాటాడుట కొందరికి అప్రియముగా తోచవచ్చును. దీపము ఆరినదనక కొండెక్కినదనియు, ఇల్లు వెడలునపుడు పోయెదననక పోయివచ్చెదననియు పలుకువారము మనము. ఈ మర్యాద పెద్దల నడుమ చక్కనిదే. పసివాడు మాత్రము విన్న మాటను విన్నట్లే నమ్మును.

మా తల్లిగారు పరమపదించినపుడు మా చిన్నవానికి ఐదేండ్లు నిండలేదు. వానిని పొరుగింటికి పంపి, కర్మకాండ ముగిసిన పిదప "నాయనమ్మ భద్రాచలం పోయింది" అని నేనే చెప్పితిని. వాడు నమ్మెను. ప్రతి సాయంకాలమును బస్సు ఆగుచోట నిలిచి, దిగువారి మొగములు చూచి, చీకటి పడిన పిమ్మట ఇల్లు చేరెడివాడు. నెల గడచెను. ఒకనాడు పనిమీద నేను భద్రాచలము బయలుదేరగా, వాడు నా పంచె పట్టుకొని "నాయనా, నువ్వు గూడ తిరిగి రావా?" అని ఏడ్చెను. దుఃఖము తప్పింపబోయి బిడ్డకు ప్రయాణమన్ననే భయము కలిగించితినని అపుడు తెలిసినది.

మరియా నాగీ యను పరిశోధకురాలు బుడాపెస్టు నగరమున మూడు మొదలు పదేండ్ల వరకు గల 378 మంది పిల్లల భావములను పరిశీలించి 1948లో ప్రకటించినది. ఐదేండ్లలోపువారు మరణమును ప్రయాణముగనో నిద్రగనో తలంతురని ఆమె కనుగొనెను. తరువాతివారు ఆమె చెప్పిన వయోనిర్ణయములను కొంత సవరించిరి. పసిమనస్సున సహజముగా నుండు ఆ పొరపాటునే మనము "ఊరికి పోయింది", "నిద్రపోతున్నది" అని గట్టిపరచుచున్నాము.

మన జానంపేట ప్రాంతమున పెద్ద బండలతో కట్టిన పురాతన సమాధులు కలవు. ఇనుము వాడుక నేర్చిన కాలపు మనుష్యులు తమవారికై వానిని నిర్మించిరి. ఆ బండలను కదల్చుటకు ఎందరి భుజములు కావలసెనో ఊహింపుడు. అంత శ్రమతో, అంత ప్రేమతో కట్టినవానికి మన మిచ్చిన పేరు రాక్షసగుళ్ళు! పిల్లవాడు అడిగినచో "అటు పోకు" అందుము. అవి మనవంటివారు తమ పెద్దలకు కట్టిన ఇండ్లని చెప్పినచో భయము పోయి గౌరవము కలుగదా?

మన గ్రంథములు బాలురను ఈ ప్రశ్నకు దూరముగా నుంచలేదు. కఠోపనిషత్తులో యముని ఇంట మూడు రాత్రులు వేచి, మరణానంతరస్థితిని అడిగిన నచికేతుడు బాలుడు. భాగవత సప్తమస్కంధమున, యుద్ధమున కూలిన సుయజ్ఞుని చుట్టును బంధువులు విలపించుచుండగా, యముడే బాలరూపమున వచ్చి వారి నోదార్చెను. హిరణ్యాక్షుడు హతుడైనపుడు ఈ కథను తల్లికి వినిపించినవాడు హిరణ్యకశిపుడు. అంత చెప్పినవాడే పిదప మందరగిరికి పోయి, చావు లేకుండుటకై తపస్సు చేసెను! పిల్లల ప్రశ్నకు జంకు పెద్దలమందరము ఆ హిరణ్యకశిపునివంటివారమే.

మరి ఏమి చెప్పవలెను? "చనిపోయింది. ఊపిరి ఆగింది. ఇక నొప్పి లేదు, ఆకలి లేదు. తిరిగి రాదు. నీ తప్పేమీ లేదు. మేము నీ దగ్గర ఉన్నాము." ఇంతే. ఆత్మను గూర్చి ఎవరి విశ్వాసము వారు తరువాత చెప్పుకొనవచ్చును. బిడ్డ ఎదుట మనకు కన్నీరు వచ్చినను దోషము లేదు. చివరిచూపునకు వత్తుననిన రానిండు; వద్దనిన బలవంతము చేయకుడు.

ఆనాడు ప్రయాణము మానుకొని మా వానికి నిజము చెప్పితిని. చాలసేపు ఏడ్చెను. మరునాటినుండి బస్సుకడకు పోలేదు.

మనకు పెత్తరమాస కలదు. పగలు పెద్దల పేర బియ్యమిత్తుము. ఆ సాయంకాలమే ఎంగిలిపూల బతుకమ్మ. గతించినవారిని తలచుటకును, పిల్లలు పూల నడుమ ఆడుటకును ఒకే దినము నేర్పరచిన పూర్వులు మనకంటె ధైర్యవంతులు. ఆ యేడు పెత్తరమాసనాడు బియ్యము ఇచ్చువేళ, నేను నోరు తెరచులోపలనే, మా చిన్నవాడు వాళ్ళ నాయనమ్మ పేరు చెప్పెను.

ఈ గ్రంథాలయమున ప్రశ్నించు బాలునకు పుస్తకము చూపుచున్నాము. ఇంట ప్రశ్నించినవానికి నిజము చెప్పుదము.