షుగరు ఉన్నవారికీ ఒక ముక్క

పండుగనాడు అందరూ తీపి తింటుంటే, షుగరు ఉన్నవారిని ఊరికే కూర్చోబెట్టకండి. చలికాలపు జామపండ్లతో టార్ట్ చేయండి. గోధుమపిండిలో కొద్దిగా వెన్న, నీళ్ళు కలిపి, పలుచగా ఒత్తి పళ్ళెంలో పరవండి. గింజలు తీసిన జామ ముక్కలు, దాల్చినచెక్క పొడి వేయండి. పైన అరకప్పు ఓట్స్, పల్లీల పలుకులు, రెండు చెంచాల నెయ్యి కలిపి చల్లండి. 180 డిగ్రీల వేడిలో ఓవెన్‌లో 35 నిమిషాలు ఉంచితే పైభాగం కరకరలాడుతుంది.

ఓట్స్‌లోని పీచు, రక్తంలోకి చక్కెర చేరే వేగాన్ని తగ్గిస్తుంది. అయితే బెల్లం, తేనె కూడా షుగరు పెంచుతాయి, కలపవద్దు. చిన్న ముక్క పెట్టి, ఆ పూట అన్నం కొంచెం తగ్గించండి. జామలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ జబ్బు ఉంటే ముందుగా డాక్టరుగారిని అడగండి. మందులు మాత్రం మాన్పించవద్దు.